మాఘమాసపు మబ్బులు – వాతావరణ సూచన

మాఘమాసం చివరి రోజులలో నారాయణఖేడ్ దగ్గరి సిర్గాపూర్ వంటి ఊళ్ళలో తెల్లవారుజామున దుప్పటి వదలబుద్ధి కాదు. మధ్యాహ్నానికి నీడ వెతుక్కోవలసి వస్తుంది. నాలుగు రోజులు ఇట్లా గడిచాక ఒక రాత్రి చలి ఉండదు. మరునాటి సాయంకాలం మబ్బు లేస్తుంది. కోసిన శనగ కల్లంలో ఉన్నది. "ఒకటి రెండు చోట్ల ఉరుములతో జల్లులు పడవచ్చు" అని వాతావరణ సూచన. ఆ ఒకటి రెండు చోట్లలో మన ఊరు ఉన్నదా?

ముందుగా చలి సంగతి చూద్దాం. నేల పగలు గ్రహించిన వేడిని రాత్రి ఉష్ణకిరణాల రూపంలో పైకి వదులుతుంది. గాలిలోని నీటిఆవిరి ఆ కిరణాలలో కొంత భాగాన్ని పట్టి తిరిగి నేలకు పంపుతుంది. చలికాలంలో మనకు వీచేది పొడిగాలి, ఆకాశం నిర్మలం. కనుక వేడి తేలికగా జారిపోతుంది. పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతకూ రాత్రి కనిష్ఠానికీ 15 డిగ్రీల సెంటిగ్రేడు తేడా రావటం వింత కాదు.

మరి మబ్బు ఎక్కడిది? ఈ రోజులలో బంగాళాఖాతం మీద అధికపీడన ప్రదేశం ఏర్పడితే, గాలి దానిచుట్టూ గడియారపు ముల్లు తిరిగే దిక్కున తిరుగుతుంది. దానికి పడమట ఉన్న మనకు ఆగ్నేయం నుంచి తేమగాలి వస్తుంది. రాత్రి చలి తగ్గటానికి కారణం ఇదే. ఈ తేమగాలి, పడమటి నుంచి వచ్చే పొడిగాలితో విదర్భ, మరాఠ్వాడా, కర్ణాటకల మీదుగా సాగే ఒక ద్రోణి వెంబడి కలుసుకొంటుంది. అక్కడ గాలి పైకి లేచి చల్లబడి మబ్బు కడుతుంది. ఆవిరి నీరైనపుడు విడుదలయ్యే వేడి, గాలిని ఇంకా పైకి నెడుతుంది. మబ్బు నీరు గడ్డకట్టే ఎత్తు దాటితే మంచు గుళికలు గాలితోపాటు పైకి లేస్తూ పెరిగి, మోయలేనంత బరువైనపుడు వడగండ్లై రాలుతాయి. 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లి ప్రాంతంలో అవి నేలను తెల్లగా కప్పివేశాయి.

ఇక సూచనలోని మాటలు. భారత వాతావరణశాఖ పరిభాషలో "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాలలో 25 శాతానికి మించకుండా వాన పడటం. "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50 శాతం. "చాలా చోట్ల" అంటే 51 నుంచి 75 శాతం. ఉరుముల మబ్బు వెడల్పు కొన్ని కిలోమీటర్లే. ఆయుష్షు తరచుగా గంట, రెండు గంటలు. కనుక ఊరు పేరు పెట్టి ముందురోజే చెప్పటం సాధ్యం కాదు. రాడారులో మబ్బు కనిపించిన పిమ్మట, మూడు గంటల వరకు వర్తించే తక్షణ సూచన వెలువడుతుంది.

సిర్గాపూర్‌లో చినుకు రాలనంత మాత్రాన సూచన అబద్ధం కాదు. వాన పొరుగూరిలో పడి ఉండవచ్చు. ఐతే రైతు లెక్క వేరు. కల్లం మీద టార్పాలిన్ కప్పటానికి పట్టేది ఒక పూట శ్రమ. తడిస్తే పోయేది పంట. అవకాశం నాలుగింట ఒకవంతు కన్న తక్కువైనా కప్పటమే తెలివి.

విద్యార్థులు ఈ నెలంతా పాఠశాలలో రోజూ కనిష్ఠ ఉష్ణోగ్రతనూ గాలి దిక్కునూ రాసి ఉంచాలి. గాలి ఆగ్నేయానికి తిరిగి, కనిష్ఠం ఒక్కసారిగా పెరిగిన రోజున సూచనను మరింత శ్రద్ధగా వినాలి. ఆ సంగతి ఇంట్లో చెబితే, చదివిన చదువు కల్లానికి కాపలా అవుతుంది.