విదేశీ విద్య: ఖర్చు లెక్క, ఆర్థిక సహాయ మార్గాలు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• విదేశీ చదువుకయ్యే ఖర్చును దశలవారీగా లెక్కవేయగలుగుతారు.
• తిరిగి చెల్లించనక్కరలేని సహాయానికీ, అప్పుకూ గల తేడాను వివరించగలుగుతారు.
• ఒక కుటుంబం ఎంత అప్పు భరించగలదో అంచనా వేయగలుగుతారు.

1. ప్రవేశిక

1895లో భీమవరంలో జన్మించిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్లలో అమెరికాలోని హార్వర్డుకు వెళ్లారు. ఆయన ప్రయాణానికి మామగారు కొంత డబ్బు సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ఛారిటీస్ సహాయం చేస్తామని మాట ఇచ్చింది. అక్కడికి చేరాక అవి చాలక, ఆయన ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేస్తూ చదువుకున్నారు.

కుటుంబం, దాతృత్వం, సొంత శ్రమ: ఆ మూడు వనరులే నేటికీ ఉన్నాయి. కొత్తగా చేరినది బ్యాంకు రుణం. ఈ నాలుగింటిలో దేనిపై ఎంత ఆధారపడాలన్నదే ఈ పాఠ్యభాగంలోని ప్రధాన ప్రశ్న.

2. ఖర్చులోని మూడు దశలు

ఫీజు ఒక్కటే ఖర్చు అనుకోవడం పొరపాటు. ఖర్చును మూడు దశలుగా చూడాలి.

మొదటిది, బయలుదేరక ముందు అయ్యేది: ప్రవేశ, ఆంగ్ల పరీక్షల రుసుములు, ట్రాన్‌స్క్రిప్టులు, దరఖాస్తులు, వీసా, విమాన టిక్కెట్టు. సీటు వచ్చినా, రాకపోయినా ఇందులో చాలా భాగం తిరిగి రాదు.

రెండవది, చదువుకాలంలోనిది: ఫీజు, అద్దె, భోజనం, ఆరోగ్య బీమా. దీనిలో రూపాయి విలువ ప్రభావం ఉంటుంది. ఏడాది ఫీజు 20,000 డాలర్లు అనుకుందాం. డాలరు 80 రూపాయల నుంచి 85కు పెరిగితే, ఫీజు పెరగకపోయినా మీపై లక్ష రూపాయల అదనపు భారం పడుతుంది.

మూడవది, చదువు ముగిశాక కట్టే వడ్డీ. దీనిని 4వ విభాగంలో పరిశీలిద్దాం.

ఖర్చుకు, చూపించవలసిన నిల్వకు కూడా తేడా ఉంది. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ట్యూషన్ ఫీజు లేదు. అయినా 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు ప్రత్యేక ఖాతాలో చూపవలసి వచ్చింది. అది మీ సొమ్మే. నెలకు 992 యూరోల చొప్పున మీకే విడుదలవుతుంది. ఇటువంటి నిల్వను ఎవరో కొద్దిరోజులకు సర్ది, కమీషన్ తీసుకుంటామంటే ఒప్పుకోకండి. వీసా దక్కినా అక్కడ మీ చేతిలో డబ్బు ఉండదు. కాగితాలు తప్పని తేలితే వీసాయే పోతుంది.

3. తిరిగి చెల్లించనక్కరలేని సహాయం

ముందుగా వెతకవలసింది ఇదే. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ నిర్వహించే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ షెడ్యూల్డు కులాలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల వారికి మాస్టర్స్, పీహెచ్‌డీ చదువులకు ఉద్దేశించినది. ఏడాదికి 125 మందిని ఎంపిక చేసే ఈ పథకానికి అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు, 35 ఏళ్లలోపు వయస్సు, 8 లక్షలకు మించని కుటుంబ ఆదాయం షరతులు. గిరిజన విద్యార్థులకు గిరిజన వ్యవహారాల శాఖ వేరే పథకం నడుపుతుంది. ఫుల్‌బ్రైట్-నెహ్రూ, చీవ్‌నింగ్, కామన్వెల్త్, డాడ్, ఇరాస్మస్ ముండస్ ప్రతిభ ఆధారంగా ఇచ్చేవి.

పథకాలు శాశ్వతం కావు. మైనారిటీ విద్యార్థుల విదేశీ రుణాలకు వడ్డీ రాయితీ ఇచ్చిన కేంద్ర పథకం ‘పఢో పరదేశ్’ 2022లో ఆగిపోయింది. కనుక మంజూరు పత్రం చేతికి వచ్చేవరకు ఏ సహాయాన్నీ లెక్కలో చేర్చకూడదు.

అమెరికాలో అసిస్టెంట్‌షిప్ దొరికితే ఫీజు మినహాయింపుతోపాటు వేతనం కూడా వస్తుంది. కాని ఇది పీహెచ్‌డీలో సాధారణం, మాస్టర్స్‌లో అరుదు. అక్కడ ఎఫ్-1 వీసాపై తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల వరకు క్యాంపస్‌లో పనిచేయవచ్చు. ఆ సంపాదన చేతి ఖర్చులకు ఆసరా. ఫీజుకు ఆధారం కాదు.

4. విద్యా రుణం: ఒక ఉదాహరణ

తుని దగ్గర మూడెకరాల మామిడి తోట ఉన్న కుటుంబాన్ని ఊహించుకుందాం. అబ్బాయి రెండేళ్ల మాస్టర్స్‌కు 30 లక్షలు కావాలి. తోట విలువ అంతకంటే ఎక్కువే. అయినా బ్యాంకు దానిపై అప్పు ఇవ్వడానికి వెనుకాడవచ్చు. కారణం ఏమిటి?

రుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. బాకీ పడితే కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం 2002 నాటి సర్ఫేసీ చట్టం వాటికి ఇచ్చింది. ఆ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే ఊళ్లో ఇల్లు, ఇళ్ల స్థలం, ఫిక్స్‌డ్ డిపాజిట్లకు ఉన్న విలువ పొలానికి ఉండదు.

అప్పుడు కుటుంబం బయటి అప్పు వైపు చూస్తుంది. రెండు పద్ధతులనూ పోల్చండి. సౌలభ్యం కోసం 30 లక్షలూ ఒకేసారి తీసుకున్నారని, బ్యాంకు వడ్డీ 11 శాతమని అనుకుందాం.

• బ్యాంకు: చదువు రెండేళ్లు, విరామం ఒక ఏడాది. మూడేళ్ల సాధారణ వడ్డీ 9.9 లక్షలు.
• బయటి అప్పు: నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మూడేళ్లకు 21.6 లక్షలు.

బ్యాంకు రుణమే తీసుకున్నా, 39.9 లక్షలను పదేళ్లలో తీర్చాలంటే నెలవారీ వాయిదా సుమారు 55 వేల రూపాయలు. అక్కడ ఉద్యోగం వస్తే ఇది కట్టదగినదే కావచ్చు. రాకపోతే, ఇక్కడి జీతంతోనో, తోట మీది రాబడితోనో కట్టగలరా? ఈ ప్రశ్నకు ఇంట్లో అందరూ కూర్చొని, అమ్మానాన్నల వైద్య ఖర్చులు, చెల్లెలి చదువు కూడా లెక్కలోకి తీసుకొని జవాబు చెప్పుకోవాలి. కట్టలేమని తేలితే చదువు మానుకోనక్కరలేదు. తక్కువ ఫీజున్న దేశాన్ని ఎంచుకోవచ్చు; ఒక ఏడాది ఆగి మళ్లీ స్కాలర్‌షిప్‌కు ప్రయత్నించవచ్చు.

5. దూరవిద్య విద్యార్థులకు సూచన

అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయాలు 16 సంవత్సరాల విద్యను కోరతాయి. మూడేళ్ల డిగ్రీతో అది 15 ఏళ్లే అవుతుంది. దూరవిద్య డిగ్రీని అంగీకరిస్తారా అన్నది కూడా దరఖాస్తు రుసుము కట్టకముందే విశ్వవిద్యాలయానికి రాసి, లిఖితపూర్వకంగా తెలుసుకోండి.

6. సారాంశం

విదేశీ విద్య ఖర్చు బయలుదేరక ముందే మొదలై, చివరి వాయిదాతో ముగుస్తుంది. ఉచిత సహాయాన్ని ముందు వెతకాలి, మంజూరైనదాన్నే లెక్కించాలి. అప్పు పరిమితిని ఆస్తి విలువను బట్టి కాక, ఉద్యోగం ఆలస్యమైనా కట్టగల వాయిదాను బట్టి నిర్ణయించుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వ్యవసాయ భూమిని హామీగా తీసుకోవడానికి బ్యాంకులు ఎందుకు వెనుకాడతాయి?
2. 10 లక్షల అప్పుపై నూటికి రూపాయిన్నర వడ్డీ చొప్పున రెండేళ్లకు ఎంత సాధారణ వడ్డీ అవుతుంది?
3. మీ కుటుంబం నెలకు ఎంత వాయిదా భరించగలదో కారణాలతో ఒక పేజీలో రాయండి.