బీపీ మిషన్ చూపించిన నంబర్‌ని ఎప్పుడు నమ్మాలి?

ఈ వారం ఎపిసోడ్‌లో వైటల్ సైన్స్ గురించి మాట్లాడాను. అంటే బీపీ, నాడి, ఊపిరి, టెంపరేచర్, వాటితో పాటు ఆక్సిజన్. ట్రాన్స్‌క్రిప్ట్ కింద ఉంది. వింటున్నప్పుడు నంబర్లు గుర్తుండవు కదా, అందుకే ముఖ్యమైనవి ఇక్కడ విడిగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మీ డాక్టర్ చెప్పిందే ఫైనల్.

నేనుండేది శాన్ రామన్‌లో. ఎండాకాలం వచ్చిందంటే ఐరన్ హార్స్ ట్రెయిల్ మీద సాయంత్రం పూట మన అమ్మానాన్నలే కనిపిస్తారు. ఆరు నెలలకని వస్తారు, సూట్‌కేసులో ఆవకాయ పక్కన ఆరు నెలల బీపీ మాత్రలు. విజిటర్ ఇన్సూరెన్సులు చాలావాటిలో పాత జబ్బులకి కవరేజ్ ఉండదు, ఉన్నా అంతంత మాత్రం. ఒక రాత్రి మిషన్ 172 చూపించిందనుకోండి, ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న: ఇప్పుడే ఎమర్జెన్సీకి పరిగెత్తాలా, పొద్దున దాకా ఆగొచ్చా?

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఆ 172 ఎలా వచ్చిందని. మన ఇళ్లలో బీపీ చూసే పద్ధతి మీకు తెలిసిందే. అమ్మ సోఫాలో కాళ్లు మడిచి కూర్చుంటుంది, చేయి ఒళ్లో ఉంటుంది, పట్టీ స్వెటర్ మీదే చుడతాం, ఎదురుగా టీవీ. మిషన్ బిగుస్తుండగానే "మాత్ర వేసుకున్నావా, పచ్చడి తిన్నావా" అని మన ప్రశ్నలు. ఇవన్నీ నంబర్‌ని మార్చేవే. జాన్స్ హాప్కిన్స్ వాళ్ల అధ్యయనం ఒకటి 2024లో వచ్చింది. చేయి బల్ల మీద గుండె ఎత్తులో ఉంచకుండా ఒళ్లో పెట్టుకుంటే పై బీపీ సగటున 4 పాయింట్ల దాకా, పక్కకి వేలాడేస్తే 6 పాయింట్లకి పైగా ఎక్కువ చూపించిందట. పట్టీ సైజ్ కథ ఇంకా పెద్దది. 2023లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, ఎక్స్‌ట్రా లార్జ్ కావాల్సిన వాళ్లకి మామూలు పట్టీ చుడితే దాదాపు 20 పాయింట్లు ఎక్కువ వచ్చింది. లావుపాటి చేతులున్న మామయ్యగారికి పెట్టెలో వచ్చిన పట్టీ చాలకపోవచ్చు. టేపుతో దండ చుట్టుకొలత తీసి, పట్టీ మీద రాసిన కొలతతో పోల్చి చూడండి.

సరిగ్గా చూడాలంటే అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్ వద్దు. బాత్రూమ్‌కి వెళ్లి రావాలి. వీపు ఆనేలా కుర్చీలో కూర్చుని, పాదాలు నేల మీద ఆనించి, ఐదు నిమిషాలు ఊరికే ఉండాలి. పట్టీ బట్ట మీద కాదు, ఒంటి మీద చుట్టాలి. మాటలు బంద్. నిమిషం గ్యాప్‌తో రెండుసార్లు చూసి రెండూ రాయండి, నచ్చినదొక్కటే కాదు. పొద్దున మాత్ర వేసుకోకముందు, మళ్లీ సాయంత్రం, ఒక వారం పాటు. ఆ కాగితమే డాక్టర్‌కి కావాల్సింది.

ఇంకో గందరగోళం. ఇండియాలో డాక్టర్ "పర్లేదు" అన్న 136ని ఇక్కడి డాక్టర్ "హై" అంటారు. ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు. 2017 నుంచి అమెరికా గైడ్‌లైన్స్‌లో గీత 130/80 దగ్గర ఉంది. ఇండియాలో ఎక్కువగా 140/90 లెక్క.

ఇక ఆ రాత్రి ప్రశ్న. 172 వచ్చి, మనిషి మామూలుగా ఉంటే కాసేపు కూర్చోబెట్టి, పైన చెప్పినట్టు మళ్లీ చూడండి. తగ్గకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయండి. సొంతంగా ఇంకో మాత్ర వేయకండి. పైది 180 దాటినా, కిందిది 120 దాటినా నిమిషం ఆగి మళ్లీ చూసి, అంతే ఉంటే వెంటనే డాక్టర్‌తో మాట్లాడాలి. దాంతో పాటు గుండెలో నొప్పి, ఆయాసం, వెన్నునొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక పక్క బలం తగ్గడం, వీటిలో ఏది ఉన్నా ఆలోచించొద్దు, 911. ఈ లక్షణాలుంటే మిషన్ నార్మల్ చూపించినా 911కే. ఇన్సూరెన్స్ లెక్కలు తర్వాత. అంబులెన్స్‌కి సౌదీలో 997, యూఏఈలో 998, ఖతార్‌లో 999, మన ఊళ్లో 108. అమెరికా ఆసుపత్రిలో తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, దానికి డబ్బులు తీసుకోరు.

వేలికి పెట్టే ఆక్సిమీటర్‌ని బీపీ మిషన్ కంటే ఎక్కువ నమ్ముతారు మనవాళ్లు. కోవిడ్ నాటి అలవాటు. అది చర్మం గుండా వెలుతురు పంపి లెక్క కడుతుంది, అందుకే ముదురు రంగు చర్మం మీద కొన్నిసార్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. 2020లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, మిషన్ 92 నుంచి 96 చూపించినా రక్తంలో నిజంగా 88 కంటే తక్కువున్నవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం. మాకు దగ్గర్లోని ఓక్లాండ్‌లో రూట్స్ కమ్యూనిటీ హెల్త్ సెంటర్ 2023లో ఈ విషయం మీదే తయారీదార్ల మీద కోర్టుకెక్కింది. మన చాయలోనూ ముదురు రంగు వాళ్లు తక్కువేం కాదు. కాబట్టి 94 ఉంది కదా అని ఆయాసపడుతున్న మనిషిని ఇంట్లో కూర్చోబెట్టకండి. చల్లబడ్డ వేలికి, నెయిల్ పాలిష్ ఉన్న వేలికి పెట్టొద్దు.

జ్వరం సంగతి తేలిక. 100.4 ఫారెన్‌హీట్ అంటే 38 సెల్సియస్, అది జ్వరమే. గల్ఫ్‌లో, లండన్‌లో థర్మామీటర్ సెల్సియస్‌లో ఉంటుంది. నాడి, ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100.

చివరిది ఊపిరి. దీనికి మిషన్ అక్కర్లేదు, అందుకేనేమో ఎవరూ పట్టించుకోరు. పెద్దవాళ్లకి కదలకుండా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20. లెక్కపెడుతున్నట్టు చెప్పకండి, చెబితే తెలియకుండానే మార్చేస్తారు. రియాద్‌లోనో దుబాయ్‌లోనో ఉండి, నాన్న ఒంట్లో బాగాలేదని ఫోనొస్తే వీడియో కాల్ చేయండి. ఫోన్ ఎవరినైనా పట్టుకోమని, ఛాతీ కనిపించేలా పెట్టించి నిమిషం చూడండి. తర్వాత "అన్నం తిన్నారా, ఏం కూర?" అని అడగండి. ఆ రెండు ముక్కలు చెప్పడానికి మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుంటే, ఇంట్లోవాళ్లతో వెంటనే 108కి ఫోన్ చేయించండి.