ప్రాణాలు కాపాడే పడవలకూ పొగ లెక్క

ఊళ్లో చందాలు వేసి జాతర జరిపినా ఆఖరున నలుగురిలో కూర్చుని లెక్క చెప్పాల్సిందే. ఖర్చయిన డబ్బుకే కాదు, ఇంజను గొట్టంలోంచి గాలిలో కలిసిన పొగకు కూడా లెక్క చెప్పమంటే? బ్రిటన్, ఐర్లండ్ సముద్ర తీరాల్లో మునిగిపోయేవారిని ఒడ్డుకు చేర్చే ఒక ధర్మసంస్థ ఇప్పుడు ఆ లెక్క కూడా చెబుతోంది.

ఆ సంస్థ పేరు రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్. ఓడలు బద్దలై జనం కళ్లెదుటే మునిగిపోవడం చూసి చలించిన సర్ విలియం హిల్లరీ చొరవతో 1824 మార్చి 4న లండన్‌లో పుట్టింది. 2024లో రెండు వందల ఏళ్లు నిండాయి. ఈలోగా 1,46,000 మందికి పైగా ప్రాణాలు కాపాడింది. పడవ ఎక్కేవారిలో ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద సేవకులే. కబురు రాగానే చేతిలో పని వదిలేసి రేవుకు పరుగెత్తుతారు. సంస్థ నడిచేది ప్రధానంగా జనం ఇచ్చే విరాళాలతో, చనిపోతూ రాసిపోయిన వీలునామా సొమ్ముతో.

ఒకప్పుడు ఈ పడవలకు పొగ అనేదే లేదు. తెడ్లు వేసేవారి రెక్కల బలం, తెరచాప, అంతే. విట్బీ రేవులో ఆఖరి తెడ్ల పడవ 1957లో విశ్రాంతి తీసుకుంది. నేడు షానన్ రకం పడవ పొడవు 13.6 మీటర్లు. రెండు ఇంజన్లు, ఒక్కొక్కటి 650 గుర్రాల శక్తి. అంటే మన పొలాల్లోని 5 గుర్రాల పంపుసెట్లు 260 ఒక్కచోట పెట్టినట్లు! తుపాను గాలిలో కూడా వేగంగా వెళ్లాలంటే అంత బలమూ కావలసిందే.

ఇంతకీ పొగను తూకం వేసేదెలా? చూస్తే లెక్క తేలికే. ఒక లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. కిలో కూడా తూగని లీటరు నుంచి అంత బరువు ఎలాగని అనుమానం రావచ్చు. డీజిలులోని బొగ్గు గాలిలోని ప్రాణవాయువును తనతో కలుపుకుంటుంది, అదీ సంగతి. షానన్ పడవ ట్యాంకులో 2,740 లీటర్లు పడతాయి. అదంతా కాలితే 7 టన్నులకు పైగా వాయువు. భూమిని వేడెక్కించేది ఈ వాయువే. సముద్రం వేడెక్కి మట్టం పెరిగితే తీరంలో ఉన్నవారికే ముందుగా ముప్పు. కాపాడటానికి వెళ్లే పడవ కూడా ఆ ముప్పుకు తనవంతు కలుపుతోంది.

బ్రిటన్‌లో 2019 ఏప్రిల్ 1 నుంచి పెద్ద కంపెనీలు తాము వాడిన ఇంధనం, వెలువడిన వాయువు వివరాలు ఏటా బయటపెట్టాలనే నిబంధన అమలులోకి వచ్చింది. నిరుటి అంకె పక్కనే పెట్టాలి. ఎలా లెక్క కట్టిందీ చెప్పాలి. ఈ పడవల సంస్థ కూడా తన వార్షిక నివేదికలో ఇలాంటి వివరాలు ఇస్తోంది.

లెక్కలో మూడు పద్దులుంటాయి. తానే కాల్చిన డీజిలు, పెట్రోలు, గ్యాసు మొదటిది. కొన్న కరెంటు రెండోది. మూడోదే చిక్కు. పడవ కట్టడానికి కొన్న సరుకు తయారీలో ఎవరి ఫ్యాక్టరీలోనో వచ్చిన పొగ, సంస్థ దుకాణాల్లో అమ్మే వస్తువుల వెనుక పొగ, అన్నీ అందులోకే వస్తాయి. మొదటి రెండూ చెప్పి మూడోది దాటవేస్తే అది సగం లెక్కే.

పడవల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఒక ఏడు గాలివానలు ఎక్కువైతే పిలుపులు ఎక్కువ, డీజిలు ఎక్కువ. మరో ఏడు సముద్రం నెమ్మదిస్తే పొగ తగ్గుతుంది. అందులో సంస్థ గొప్పేమీ లేదు. కనుక ఎన్ని టన్నులో చెప్పిన చోటే పడవలు ఎన్నిసార్లు బయలుదేరాయో కూడా చెప్పాలి. లేకపోతే ఉత్త అంకె చూసి జనం పొరబడతారు.

లెక్క రాస్తే పడవ నడిపేవాడు చెయ్యి ముడుచుకుంటాడేమో అనే భయం కూడా న్యాయమైనదే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు మేడ మీద చిక్కుకున్నవారు పడవ కోసమే చూశారు, అది ఎంత నూనె తాగుతుందో ఎవరికి పట్టింది? పిలుపు వచ్చాక పొగ ఆలోచన పనికిరాదు. పొదుపు చేయాల్సింది ఒడ్డు మీద. అందుకే ఈ సంస్థ పలు స్టేషన్లలో భూమిలోని వెచ్చదనాన్ని లాగి గదులు వేడిచేసే పంపులు పెట్టింది, కప్పుల మీద సౌర పలకలు అమర్చింది.

పడవ దగ్గరకు వచ్చేసరికి ఇలాంటి తేలిక దారి లేదు. బ్యాటరీ పెడదామంటే డీజిలు ఇచ్చే శక్తికి సరిపడా బ్యాటరీలు అనేక రెట్లు బరువు. పైగా షానన్ పడవను మధ్యలో ఒకసారి పూర్తిగా బాగుచేసి 50 ఏళ్లు వాడాలని రూపొందించారు. ఈ రకం మొదటి పడవ 2014లో డంజెనెస్ రేవుకు చేరింది. అంటే అది 2064 దాకా నీటిమీద ఉండాలి. అప్పటికి దాని ట్యాంకులో ఏం పోస్తారన్నది ఇంకా తేలాల్సి ఉంది.