ఇంటిపట్టున విహారం

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే చాలు, మా కాలేజీ స్టాఫ్ రూములో ఒకటే ప్రశ్న: "ఈసారి ప్రయాణం ఎక్కడికండీ?" ఒకరు ఊటీ అంటారు. ఒకరు అరకు అంటారు. మరొకరు సిమ్లాకు టిక్కెట్లు దొరకలేదని విచారిస్తూంటారు. ఎక్కడికీ వెళ్ళడంలేదని పైకి చెప్పడానికి కొంచెం ధైర్యం ఉండాలి. అల్లా చెప్పినవాళ్ళకేసి అందరూ జాలిగా చూస్తారు.

ఈ ఏడు మేము ఎక్కడికీ వెళ్ళలేదు. మావారికి బ్యాంకులో దొరికిన సెలవు నాలుగే రోజులు. అత్తయ్యగారికి డెబ్బై రెండేళ్ళు. ఆవిడ మోకాళ్ళు రైలుమెట్లు ఎక్కనివ్వవు. అమ్మాయి పైచదువుకు జూన్‌లో హైదరాబాదు వెళ్ళిపోతోంది. చేతిలో ఉన్న నాలుగు డబ్బులూ దాని ఫీజుకే సరి. "అయితే ఆ నాలుగు రోజులూ మన ఊరే చూద్దాం. చుట్టుపక్కల ఏ తీపికి పేరుందో అది పుట్టిన చోటికే పోయి తిందాం" అన్నారు మావారు. "దీన్ని స్టేకేషన్ అంటారమ్మా" అంది అమ్మాయి. ఇంటిపట్టున ఉండడమని మనవాళ్ళు ఏనాడో అన్నారులే అన్నాను.

అందరూ ఉత్సాహపడ్డారు, నేను తప్ప. ఎందుకో మగవాళ్ళకు చెప్పాలి గాని, ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఊటీ వెడితే హోటలువాడైనా వండిపెడతాడు. ఇంట్లోనే సెలవంటే అందరూ ఇంట్లోనే ఉంటారు. పదింటికొకసారి కాఫీ, పదకొండింటికొకసారి "కాసిని పకోడీలు వెయ్యరాదూ", మధ్యాహ్నం "తీరిగ్గా ఉన్నాంగా, పనసపొట్టు కూర చేస్తే ఏం?" అనడం. కాలేజీ ఉన్న రోజుల్లో ఈ కోరికలు ఎవరికీ పుట్టవు.

అంచేత ఒక షరతు పెట్టాను. కాఫీకీ, అత్తయ్యగారి రాత్రి రొట్టెలకీ తప్ప నాలుగు రోజులు పొయ్యి వెలగకూడదు. ఆ రెండూ మావారు చూసుకోవాలి. గిన్నెలూ, బట్టలూ పిల్లలవంతు. కాదంటే నేను ఏలూరు బస్సెక్కి మా అన్నయ్యగారింటికి పోతాను. అత్తయ్యగారు ఏమంటారోనని ఆవిడకేసి చూశాను. ఆవిడ కాస్సేపు ఊరుకుని, "నలభై ఏళ్ళ కిందట నాకు తట్టలేదే ఈ మాట!" అన్నారు. తీర్మానం నెగ్గింది.

మాది రాజమహేంద్రవరం. ప్రభుత్వం 2015లో పాత పేరు తిరిగి పెట్టింది గాని మా నోళ్ళలో ఇంకా రాజమండ్రే. రాజరాజనరేంద్రుడూ, నన్నయభట్టూ తిరిగిన ఊరని పాఠంలో ఘనంగా చెబుతాను. చెప్పి, తిన్నగా ఇంటికి వస్తాను. మావారికి ఊరంటే ఇంటికీ బ్యాంకుకీ మధ్య ఉన్న రోడ్డు. అబ్బాయికి కోచింగ్ సెంటరు. అత్తయ్యగారికి మార్కండేయస్వామి గుడి. ఇన్నేళ్ళుగా ఒకే ఊళ్ళో ఉంటున్నాం అనుకోవడమే గాని, ఎవరి ఊరు వారిది.

మొదటిరోజు తెల్లవారకముందే కోటిలింగాల రేవుకు వెళ్ళాం. ఎండాకాలపు గోదావరి అలసిపోయిన ఇల్లాలిలా నెమ్మదిగా ఉంటుంది. హేవ్‌లాక్ వంతెన మీద 1900లో మొదలైన రైళ్ళు 1997లో ఆగిపోయాయి. ఇప్పుడది కేవలం చూడడానికే ఉంది. తిరిగి వస్తూంటే వీధి మలుపులో ఒకావిడ పళ్ళెంలో జున్ను పెట్టుకుని కూర్చుంది. ముర్రుపాలలో బెల్లం, మిరియం వేసి ఆవిరిమీద ఉడికించిన జున్ను. చాకుతో గళ్ళు కోసి ఆకులో పెట్టి ఇచ్చింది. ఎనిమిది దాటితే దొరకదట. ఇరవై ఏళ్ళుగా ఆ వీధిలో ఎనిమిదిన్నరకు నడుస్తున్న నాకు అది కనిపించకపోవడంలో వింత లేదు.

సాయంత్రం కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు చూశాం. ఇది తీపి సంగతి కాదు గాని చెప్పకుండా ఉండలేను. 1881 డిసెంబరు 11న పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించిన సంగతి అందరూ ఎరిగిందే. ఊరు వెలివేస్తుందని జడిసి వంటవాళ్ళు రాకపోతే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి పెళ్ళివారికి వండిపెట్టారని అంటారు. ఆ మాట అమ్మాయికి చెబుతూంటే అత్తయ్యగారు విని, "పెళ్ళివంట కదా, ఏం తీపి చేసిందో ఆ మహాతల్లి?" అన్నారు. పంతులుగారి గద్యం ఇరవై ఏళ్ళనుంచి చెబుతున్నాను. ఏ విద్యార్థీ నన్ను ఈ ప్రశ్న వెయ్యలేదు.

అక్కణ్ణించి కోటగుమ్మం. రాజమండ్రి రోజ్‌మిల్క్ అంటే తెలియని గోదావరివాడు లేడు. డెబ్బై ఏళ్ళు దాటినా ఆ దుకాణం ముందు జనం తగ్గలేదు. చిక్కని పాలు, గులాబీ రంగు పాకం, పళ్ళు జివ్వుమనే చల్లదనం, అంతే. ఇందులో రహస్యం ఏమీ లేదని మావారు వాదించారు. వాదిస్తూనే రెండో గ్లాసు తాగారు. అత్తయ్యగారికి షుగరు ఉంది గనుక ఆవిడకు మొదటిరోజే ఒక లెక్క ఏర్పాటు చేశాం: ఏ తీపైనా ఒకదాన్ని నాలుగు చేసి అందులో ఒకటి. ఆ లెక్కను ఆవిడ చెప్పినంత నిష్ఠగా పాటించారని మాత్రం నేను ప్రమాణం చెయ్యను.

రెండోరోజు ఆత్రేయపురం. మోకాళ్ళ కోసం కారు మాట్లాడుకున్నాం. ధవళేశ్వరం మీదుగా దారి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టించిన ఆనకట్ట 1852కు పూర్తయింది. ఇప్పుడు మనం దాటే బ్యారేజీ 1982కు పూర్తయిన కొత్తది. అబ్బాయి గేట్లు లెక్కపెడుతూంటే నేను వేరే లెక్కలో ఉన్నాను. ఈ నీళ్ళు డెల్టాకు పారకపోతే అన్ని వరిచేలు లేవు. వరి లేకపోతే మనం తినబోయే పూతరేకు లేదు. బొబ్బర్లంక దాటాక కాలువగట్టు రోడ్డు, ఇటూ అటూ కొబ్బరితోటలు. ఎండ కూడా ఆకుపచ్చగా కనిపిస్తుంది.

ఆత్రేయపురంలో రోడ్డు పొడుగునా దుకాణాలే. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక పేరు ఇంకా పాకింది. మేము దుకాణంలో కూర్చోకుండా, రేకు తీసే ఇల్లు చూడాలన్నాం. ఒక కుర్రాడు పక్కసందులోకి తీసుకుపోయాడు.

పెంకుటింటి వసారాలో పొయ్యి. పొయ్యిమీద బోర్లించిన పెద్ద కుండ. దాని వీపు నల్లగా, అద్దంలా నున్నగా ఉంది. కింద ఎండు కొబ్బరికమ్మల మంట. పక్కన గిన్నెలో పిండి. జయ బియ్యం నానబోసి, మెత్తగా రుబ్బి, పాలలా పల్చగా కలిపింది. నా వయసే ఉంటుంది ఆవిడకు. పల్చని గుడ్డ ముక్కను రెండు కొసలా పట్టుకుని పిండిలో ముంచి, కుండ వీపుమీద ఒక్కసారి అల్లా ఈడ్చింది. ఈడ్చిన చోట తెల్లటి పొర వెలిసింది. రెప్పపాటులో అంచు లేచింది. వేళ్ళతో ఎత్తి పక్కన పెట్టింది. వెలుతురుకు పట్టి చూస్తే అవతల మనిషి కనిపిస్తాడు!

పూత పెడితే వచ్చిన రేకు గనుక పూతరేకు. ఎమ్మే చదివాను గనుక సమాసం విప్పగలను. వంట విధానమంతా ఆ రెండు మాటల్లోనే ఉందని ఆ కుండ ముందు నిలబడ్డాకే తెలిసింది.

అమ్మాయి తనూ చేస్తానంది. మొదటి రేకు చిరిగింది. రెండోది అట్టులా మందంగా వచ్చింది. మూడోదానికి వేలు చురుక్కుమని కేక పెట్టింది. "చెయ్యి ఆగితే మందమండి, తొందరపడితే చిరుగండి" అంది ఆవిడ, మళ్ళీ ఈడుస్తూ. తెల్లవారుజామున నాలుగింటికి కూర్చుంటుందట. ఎండ ముదిరాక ఆ మంట దగ్గర నిలవలేరు. రేకులు వందల లెక్కన దుకాణానికి వేస్తుంది. అక్కడ ఇంకొకళ్ళు వాటిని తడిగుడ్డతో మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో, బెల్లం పొడో చల్లి మడతపెడతారు. మనం పెట్టెమీద చూసేది దుకాణం పేరు. ఆవిడ పేరు ఏ పెట్టెమీదా ఉండదు.

అత్తయ్యగారు పీట వేయించుకుని ఆవిడ పక్కనే కూర్చున్నారు. ఇద్దరూ మోకాళ్ళ మాటల్లో పడ్డారు. ఏ నూనె రాస్తే తగ్గుతుంది, ఏ వైపు ముడుచుకుంటే నొప్పి, ఎవరికి ఏ డాక్టరు ఏం చెప్పాడు, ఇదే సంభాషణ అరగంట. మధ్యలో అత్తయ్యగారు, "మరి నీకు సెలవెప్పుడే అమ్మాయీ?" అని అడిగారు. ఆవిడ చెయ్యి ఆపకుండానే నవ్వింది. "ఆయ్, తుపానొస్తేనండి మామ్మగారూ. కమ్మలు తడిసిపోతాయి కదండీ."

ఆ మాటకు మావారు నావైపు చూశారు. నేనేమీ అనలేదు.

ఇప్పుడు జీడిపప్పు, బాదంపప్పు, చాకొలెట్ పొడి కూడా వేసి చుడుతున్నారు. అవన్నీ నోట్లో కరకరమంటూ రేకును అణగదొక్కేస్తాయి. నా ఓటు బెల్లం, నెయ్యి మాత్రమే వేసినదానికి. నాలుకమీద పెడితే నమలక్కర్లేదు. కరిగిపోయాక మనం తిన్నది నిజమేనా అని అనుమానం వస్తుంది. వచ్చేటప్పుడు ఒక పెరట్లో చాపలమీద మామిడితాండ్ర పోస్తున్నారు. రసం పలచగా పోసి, ఎండాక మళ్ళీ దానిమీద పొయ్యాలి. పొర మీద పొర, మందం తేలేదాకా రోజుల తరబడి ఇదే పని. ఒక పలక కొన్నాం. ఇంటికి చేరేలోపల అబ్బాయి సగం చేశాడు.

మూడోరోజు తాపేశ్వరం. ద్వారపూడి మీదుగా మండపేట పోయే దారిలో ఉంది. మడతకాజాకు పుట్టిల్లు. పోలిశెట్టి సత్తిరాజుగారు దీన్ని మొదలుపెట్టారని అక్కడ అందరూ చెబుతారు. మైదాపిండి పల్చగా సాగదీసి, చాపలా చుట్టి, ముక్కలు కోసి, అదిమి, వేయించి పాకంలో వేస్తారు. కాకినాడ గొట్టంకాజా కొరికితే లోపలి పాకం గడ్డందాకా కారుతుంది. ఇది అల్లా కాదు, పెద్దమనిషి తరహా. పొరపొరగా విరుగుతుంది, పాకాన్ని మడతల్లోనే దాచుకుంటుంది. ఈ ఊళ్ళోనే 2016 సెప్టెంబరులో వినాయకచవితి రోజుల్లో 29,465 కిలోల లడ్డూ చేసి గిన్నిస్ పుస్తకానికెక్కారు. అబ్బాయి వెంటనే ఫోను తీసి లెక్క కట్టాడు. లడ్డూ యాభై గ్రాములనుకుంటే, మా అయిదుగురం రోజుకొక్కటి చొప్పున తింటే 322 ఏళ్ళకు పైగా వస్తుందట. "మామ్మకి పావే కదా, ఇంకా ఎక్కువే వస్తుంది" అన్నాడు. అత్తయ్యగారికి ఆ హాస్యం నచ్చలేదు.

నాలుగోరోజు ఎక్కడికీ కదలలేదు. తాటిముంజెలు, కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్ళు, ఫ్యాను గాలి. అల్లాంటి రోజున, పన్నెండు కొట్టి ఎండ పెళపెళలాడుతూంటే, మావారి పెత్తల్లి కొడుకు సకుటుంబంగా దిగారు. ముందు ఉత్తరం లేదు, ఫోను లేదు. మావారు నావైపు చూశారు. నేను ఫ్యానువైపు చూశాను.

రెండు నిమిషాలు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. తరవాత మావారే లేచి మంచినీళ్ళు ఇచ్చారు. అబ్బాయి క్యారేజీ పట్టుకుని భోజన హోటలుకు పరుగెత్తాడు. అమ్మాయి పళ్ళేల్లో కాజాలూ, పూతరేకులూ, మామిడి ముక్కలూ సర్దింది. వచ్చినావిడ నన్ను ఎగాదిగా చూసి, మెల్లిగా, "ఒంట్లో కులాసాగా లేదా వదినా?" అంది. నేను జవాబు వెతుక్కుంటూంటే, గదిలోంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది. "దానికేం, నిక్షేపంలా ఉంది. సెలవులో ఉంది!"

చుట్టాలు సాయంకాలందాకా ఉన్నారు. వెళ్ళేటప్పుడు ఆ వదిన గుమ్మంలో ఆగి, ఈ ఏర్పాటు ఎవరి ఆలోచన, ఎన్నిరోజులు, వాళ్ళాయన చేత ఒప్పించాలంటే ఎల్లా అని వివరంగా అడిగి తెలుసుకుంది.

మా ఊరు వచ్చేవాళ్ళకు ఒక చిన్నమాట. మడతకాజాలు వారం పదిరోజులు నిలవుంటాయి, ప్రయాణానికి జడవవు. పూతరేకులకు గాలీ, చెమ్మా పడవు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకోండి. రెండూ ఒకే సంచీలో వెయ్యవలసివస్తే కాజాలు అడుక్కి, రేకులు పైకి. తిరగేసి పెట్టారో, ఇంటికి చేరేది పొడే. అమ్మాయి పెట్టె సర్దేటప్పుడు అత్తయ్యగారు పక్కన నిలబడి ఇది మూడుసార్లు చెప్పారు.