జెండాల లెక్క

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దమ్మపేట ప్రాంతంలో అడవి అంచుల వెంట పామాయిల్ తోటలు విస్తారంగా ఉన్నాయి. కోసిన గెలలు మండలంలోని అప్పారావుపేట ఆయిల్‌ఫెడ్ కర్మాగారానికి చేరుతాయి. గెల కోసిన తరువాత ఆలస్యమైనకొద్దీ నూనె నాణ్యత క్షీణిస్తుంది. కనుక వచ్చిన ప్రతి బండి లెక్క వెంటనే తేలాలి. ఇటువంటి చోటికి సి భాషలో ఒక ప్రోగ్రామును రాస్తున్నట్లు ఊహించుకొందాం.

బండి వచ్చిన పిదప కాటా, గెలల పరీక్ష, రైతుకు చెల్లింపు వరుసగా జరగాలి. ఏది ముగిసిందో గుర్తుంచుకొనడానికి ఒక్కొక్క దశకు ఒక్కొక్క చలరాశిని పెట్టడం పరిపాటి. అందులో ఉండేది ‘అవును’ లేదా ‘కాదు’ మాత్రమే. రైలు గార్డు చేతి జెండా వలె ఒకే సంగతిని తెలుపుతుంది గనుక దీనిని ఫ్లాగ్ అంటారు. తర్కాన్ని బీజగణితంగా మలచి 1854లో గ్రంథం వెలువరించిన జార్జ్ బూల్ పేరు మీద బూలియన్ అనే విశేషణం ఏర్పడింది.

మూడు జెండాలు కలిస్తే 8 స్థితులు ఏర్పడతాయి. వాటిలో అర్థవంతమైనవి నాలుగే. కాటా కాకుండానే సొమ్ము చెల్లించినట్లు చెప్పే స్థితి వంటివి తక్కిన నాలుగు. ప్రోగ్రాంలో ఏ మూలనో ఒక జెండాను ఎత్తి మరొకదానిని మరచినప్పుడు ఈ అసంబద్ధ స్థితి నిజంగానే పుడుతుంది. అప్పుడు రైతుకు సొమ్ము రెండుసార్లు పడవచ్చు, అసలే పడకపోవచ్చు. కంప్యూటరు మాత్రం ఏ అభ్యంతరమూ చెప్పదు. మూడు జెండాలను తొలగించి, ‘వచ్చింది, తూగింది, పరీక్షించబడింది, చెల్లించబడింది’ అనే నాలుగు పేర్లలో ఏదో ఒకటి మాత్రమే పెట్టే ఒకే చలరాశిని ఉంచితే ఈ చిక్కు తీరుతుంది. సి భాషలో ఈ పేర్ల పట్టికను ఈనమ్ అంటారు. అయితే అన్ని జెండాలనూ ఇలా కలపరాదు. గెలలు వానకు తడిశాయా అన్నది చెల్లింపు దశతో నిమిత్తం లేని విషయం. దానికి వేరు జెండాయే తగినది.

పేరు పెట్టడంలోనూ జాగ్రత్త అవసరం. ‘కాటా కాలేదు’ అని జెండాకు పేరు పెట్టి దానిని మళ్ళీ నిషేధిస్తే చదువరి తికమకపడతాడు. తెలుగులో ‘లేకపోలేదు’ అన్న ప్రయోగం సొగసుగా ఉంటుంది గాని ప్రోగ్రాంలో అది పనికిరాదు. సి భాషలో నిషేధానికి గుర్తు ఆశ్చర్యార్థకం కావడం మరో విచిత్రం! ‘పరీక్ష, చెల్లింపు రెండూ జరిగాయి’ అన్నదాన్ని నిషేధిస్తే ‘రెండూ జరగలేదు’ అని కాదు, ‘కనీసం ఒకటి జరగలేదు’ అని అర్థం. ఈ సూత్రం 1806లో మదురైలో జన్మించిన అగస్టస్ డి మోర్గాన్ పేరుతో ప్రసిద్ధం.

బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ 1970ల ఆరంభంలో రూపొందించిన సి భాషలో సున్న అసత్యం, తక్కిన ప్రతి సంఖ్యా సత్యమే. బూలియన్‌కు ప్రత్యేక రకం 1999 ప్రమాణంలో గాని రాలేదు. అందువల్ల పాత ప్రోగ్రాములలో జెండాను 1తో పోల్చిచూడడం ప్రమాదకరం. 4 కూడా సత్యమే కదా!

ఈ సంస్కరణను రీఫాక్టరింగ్ అంటారు. ఇందులో ప్రోగ్రాం బయటికి చేసే పని మారకూడదు. అందుకే మార్పుకు ముందు అర్థవంతమైన నాలుగు స్థితులలోనూ వచ్చే ఫలితాన్ని పట్టికగా రాసుకొని, ఒక్కొక్క జెండాను తీసిన ప్రతిసారీ ఆ పట్టికతో సరిచూస్తారు.