అసలు - నకలు: ఆటల సర్వరుకు ఒక చిన్న స్క్రిప్టు

అసలు, నకలు అను రెండు మాటలును అరబ్బీ మూలమున పుట్టి, ఉర్దూతోపాటు తెలుగునను స్థిరపడినవి. కచేరీ కాగితములలో నిత్యము వినవచ్చు ఈ జంట కంప్యూటరు రంగమునను ఒక సమస్య తెచ్చిపెట్టినది. అసలు మారినపుడెల్ల నకలును దానితో సమానముగ నుంచుట ఎట్లు? విద్యార్థులకు ప్రీతిపాత్రమైన ఆటల నుండియే దీనిని వివరింతుము.

2004లో వాల్వ్ సంస్థ వెలువరించిన కౌంటర్ స్ట్రైక్ సోర్స్ వంటి ఆటలో పలువురు ఒకే సర్వరుతో సంబంధము పెట్టుకొని కలసి ఆడుదురు. నిర్వాహకుడు క్రొత్తగా చేర్చిన మ్యాపు ఆటగాని యంత్రమున లేనిచో, అది ముందు డౌన్‌లోడ్ కావలెను. ఆ పనియు ఆట సర్వరే చేసినచో మిక్కిలి జాగగును. అందుచే ఆ ఫైళ్ల నకళ్లను ఒక వెబ్ సర్వరు ఫోల్డరులో నుంచి, దాని చిరునామాను ఆట సర్వరు అమరికలలో వ్రాయుదురు. మ్యాప్స్, మెటీరియల్స్, మోడల్స్, సౌండ్ అను ఫోల్డర్లు రెండు తావుల నొకే క్రమమున నుండవలెను.

చేతితో నకలు తీయువాడు ఏదో యొకనాడు మరచును. కావున స్క్రిప్టు అవసరమైనది. దానికి మూలస్తంభము ఆర్‌సింక్ అను సాధనము; 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ అనువారు దీనిని రూపొందించిరి. ఇది ముందుగా ఫైలు పరిమాణమును, మార్చిన కాలమును చూచును. రెండును సమానమైనచో ఆ ఫైలును ముట్టదు. భేదమున్నచో, దూరపు యంత్రమునకు పంపునపుడు మారిన భాగములను మాత్రమే పంపగలదు.

ఇంతవరకు సులభమే. చిక్కంతయు కుదింపుతో వచ్చును. మ్యాపు ఫైలు పెద్దది గనుక దానిని బీజిప్2తో కుదించి ప్రక్కన నుంచుట ఆచారము. ఆటగాని యంత్రము మొదట కుదించిన ఫైలునే అడుగును. అది లేనిచో అసలు రూపమును అడుగును. మ్యాపును సరిదిద్ది పాత పేరుతోనే ఉంచినామనుకొందము. ఆర్‌సింక్ క్రొత్త మ్యాపును చేర్చినను, కుదించిన ఫైలు పాతదే మిగిలియుండును. ఆటగానికి చేరునది ఆ పాతదే! తన మ్యాపు సర్వరు మ్యాపుతో సరిపోలక అతడు ఆటలోనికి రాలేడు. నిర్వాహకుడు ఫోల్డరు తెరచి చూడగా క్రొత్త మ్యాపు కండ్లయెదుటనే కనిపించును; దోషమెచ్చటనో తోచదు. కావున మ్యాపు కాలము కుదించిన ఫైలు కాలముకంటె క్రొత్తదైనచో మరల కుదింపవలెనని స్క్రిప్టులో వ్రాయవలెను. కుదించునపుడు మూలమును నిలుపుకొను ఐచ్ఛికమును మరువరాదు.

అసలులో లేనిదానిని నకలులో తొలగించు డిలీట్ ఐచ్ఛికము మరింత పదునైనది. కుదించిన ఫైళ్లు అసలు ఫోల్డరులో లేవు గదా. వానిని మినహాయింపనిచో అన్నియు తుడిచిపెట్టుకొనిపోవును. రెండు ఫోల్డర్ల పేర్లు తారుమారైనచో నష్టము అసలునకే.

సోమరితనముచే ఆట ఫోల్డరునంతటిని నకలు చేయువారున్నారు. కాన్ఫిగ్ ఫోల్డరులో సర్వరును దూరమునుండి నడుపు సంకేతపదముండును. అది వెబ్ సర్వరునకు చేరినచో ఎవ్వరైనను చదువగలరు. పై నాలుగు ఫోల్డర్లను పేరుపేరున పేర్కొనుటయే మా మతము. స్క్రిప్టును గడియారమున కప్పగించుటకు ముందు, ఏ ఫైలునూ మార్చక జరుగబోవునది మాత్రమే చూపు డ్రై రన్‌ను ఒకమారు నడిపి, తొలగింపుల పట్టికను పంక్తి పంక్తి చదువవలెను.