జీబ్రా గీతల మీద చెయ్యెత్తాలా?

మన ఊళ్లలో రోడ్డు దాటేవాళ్లకు ఒక అలవాటుంది. అరచెయ్యి అడ్డం పెట్టి, వచ్చే బండికేసి చూస్తూ, ఆగు నాయనా అన్నట్టు అడుగేస్తారు. జీబ్రా గీతల మీదా అంతే.

అపోహ: రోడ్డు బండ్లది, దాటేవాళ్లే చూసుకుని దాటాలి.

వాస్తవం: సిగ్నల్ లేని జీబ్రా దగ్గర ముందు దారి నడిచేవాళ్లదే. బండి వేగం తగ్గించి, ఆగి దారివ్వాలని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. చట్టప్రకారం చెయ్యెత్తి బతిమాలుకోనక్కర్లేదు. అలాగని చెయ్యి దించమని నేను చెప్పను. చట్టం బ్రేకు తొక్కదు కదా!

అపోహ: మనిషి కనబడగానే బ్రేకు వేస్తాం, స్పీడుతో ఏముంది?

వాస్తవం: అన్నిట్లోకీ ప్రాణాంతకమైన నమ్మకం ఇదే. మనిషిని చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు ఒక సెకను గడుస్తుందనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనులో బండి 8 మీటర్లు వెళ్తుంది. పొడి రోడ్డు మీద మరో 5 మీటర్లలో ఆగుతుంది. అదే 60లో అయితే ఆ ఒక్క సెకనులోనే 17 మీటర్లు దాటేస్తుంది. అంటే మొదటి బండి ఆగిపోయిన చోటికి రెండోది వచ్చేసరికి దాని బ్రేకు ఇంకా పడనే లేదు. అక్కడ మనిషి ఉంటే తగిలేది పూర్తి 60తోనే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే.

అపోహ: ఫుట్‌పాత్ వేసినా మనవాళ్లు ఎక్కరు.

వాస్తవం: ఎక్కేలా ఉంటే ఎక్కుతారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కన నడవడానికి 1.8 మీటర్ల వెడల్పు ఖాళీగా ఉండాలి, గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. మా వీధి చివర గట్టును నేను కొలిచాను. జానన్నర! ఎక్కాక పదడుగులకు ట్రాన్స్‌ఫార్మర్, దిగాలి. మళ్లీ ఎక్కితే బజ్జీల బండి, ఆపైన వరసగా స్కూటర్లు. మోకాళ్ల నొప్పులున్న పక్కింటి పిన్నిగారు "ఇదేం నడకమ్మా, మెట్లపూజ చేస్తున్నట్టుంది" అని రోడ్డు మీదికే దిగిపోయారు. ఆవిడది నిర్లక్ష్యమని ఎలా అనను?

అపోహ: నడిచినా, సైకిల్ తొక్కినా ఎడమ పక్కనే.

వాస్తవం: సైకిల్‌కు అది సరే. ఫుట్‌పాత్ లేనిచోట నడిచేవాళ్లు మాత్రం కుడి పక్కన, బండ్లకు ఎదురుగా నడవాలి. వచ్చేది కళ్లబడుతుంది.

అపోహ: ట్రాక్ వేశారుగా, సైకిళ్ల గొడవ తీరినట్టే.

వాస్తవం: హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. బాగుంది, ఎండ తగలదు. కానీ మా వాచ్‌మన్ తొక్కేది అక్కడ కాదు. డ్యూటీ దిగి తెల్లవారుజామున లారీల మధ్య నుంచి ఇంటికెళ్తాడు. వెనక మడ్‌గార్డు మీది ఎర్ర రిఫ్లెక్టర్ ఎప్పుడో పగిలిపోయింది. మొన్న చూస్తే ఆ చోట కూల్‌డ్రింక్ సీసా ఎర్ర మూత ఒకటి తీగతో కట్టి ఉంది. అది వెలగదని అతనికీ తెలుసు.